బొంతలపై అతుకు పని: జిగురు జాలిని వాడు విధము

విశాఖపట్టణము వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్టు వైపు సాయంకాలము నడచివెళ్ళువారికి దర్జీల దుకాణముల ముందు గోనెసంచులలో కుక్కిన గుడ్డముక్కలు కనబడును. రవికె గుడ్డ, చొక్కా గుడ్డ, పరదా గుడ్డ. బెత్తెడు మొదలు మూరెడు వరకు గల ముక్కలు. ఊడ్చి పారవేయుటకు సిద్ధముగా నున్న ఆ సంచిని అడిగి తెచ్చుకొన్న స్త్రీకి అందులో నాలుగు బొంతల పై అలంకారమునకు చాలిన సరకు దొరకును. ఆ సరకును సొమ్ముగా మార్చు పనియే ఈ వ్యాసమునందలి విషయము. బొంతపై వేరొక గుడ్డతో చేప, పువ్వు, మామిడిపిందె మున్నగు ఆకృతులను అతికి, వాని అంచులను కుట్టుటను అతుకు పని యందురు. ఈ పనిలో ముక్కలు కదలకుండ నిలుపుటకు నేడు ఇస్త్రీవేడికి అంటుకొను జిగురు జాలి లభించుచున్నది. దానిని సరిగా వాడినచో శ్రమ సగమగును. తప్పుగా వాడినచో గుడ్డయు, పెట్టుబడియు, సంఘమునకు గల మంచిపేరును ఒక్క ఉతుకుతో పోవును.

ఇది కుట్టుపని, ఆడువారి విషయము, పంచాయతీ సభ్యులకేమి పని యని కొందరు ప్రశ్నింపవచ్చును. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితో చేరిన 11వ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న 29 విషయములలో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలును, స్త్రీ శిశు అభివృద్ధియు గలవు. కావున వీధిదీపము, మురుగుకాలువ ఎట్లో ఇదియు అట్లే సభ్యుని పట్టికలోని పనియే. శిక్షణకు గదినిచ్చునది, విద్యుత్తు బిందువును మంజూరు చేయునది, బేరగానితో కుదుర్చుకొన్న ధర న్యాయమా కాదా యని అడుగవలసినది సభ్యుడే. పని తెలియనిచో అడుగుటకు ప్రశ్నయైనను తోచదు.

ఈ విద్య మనకు పరాయిది కాదు

అతుకు పనికి మన ఇరుగున ప్రసిద్ధి గాంచిన ఊరు ఒడిశా రాష్ట్రములోని పిపిలి. పూరీ జగన్నాథుని రథయాత్రకు కావలసిన గొడుగులు, చాందినీలు, పందిరి గుడ్డలు ఆ ఊరి దర్జీలు తరతరములుగా కుట్టుచున్నారు. జగన్నాథుని రథమునకు ఎరుపు, పసుపు. బలభద్రునికి ఎరుపు, ఆకుపచ్చ. సుభద్రకు ఎరుపు, నలుపు గుడ్డలు కప్పుదురు. మన వన్ టౌన్‌లోని జగన్నాథస్వామి ఆలయమునందును ఆషాఢమున రథోత్సవము జరుగును గనుక, ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ రంగుల గుడ్డలు చూచినవే. పిపిలివారు ముక్క అంచును లోనికి మడచి చేతితో కుట్టుదురు. జిగురు వారికి అక్కరలేదు. ఆ నేర్పు చిన్ననాటి నుండి అలవడినది, మూడు నెలల శిక్షణలో వచ్చునది కాదు. జిగురు జాలి అవసరము మనకు అందుచేతనే కలుగుచున్నది.

మరియొక ముచ్చట. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్టణమునకును, 1682లో విశాఖపట్టణమునకును వచ్చి స్థావరములు పెట్టుకొన్నది ప్రధానముగా మన తీరపు నూలుబట్టల కొరకు. కోరమండల తీరమున తయారైన పూల అద్దకపు బట్టలు ఇంగ్లండులో ఎంతగా ప్రీతిపాత్రములైనవనగా, అక్కడి నేతగాండ్ర ఆందోళనవలన 1701లోను, 1721లోను వానిని చట్టముచే నిషేధించిరి. దొరకుట కష్టమైన ఆ బట్ట నుండి అక్కడి స్త్రీలు పువ్వును, పక్షిని వేరుగా కత్తిరించి, తెల్లని సాదాబట్టపై అతికి, బొంతలు కుట్టుకొనిరి. మన కలంకారీ పువ్వు ఇట్లు పరదేశపు బొంత నెక్కినది. నేడు అదే విద్యను మనము యంత్రపు జిగురుతో తిరిగి నేర్చుకొనుచున్నాము.

జాలి యనగా నేమి?

దీనిని దుకాణములో అడుగునపుడే మొదటి పొరపాటు జరుగును. దర్జీలు కాలరుకు, పట్టీకి వాడు పేస్టింగు క్యాన్వాసు వేరు, మనకు కావలసిన జాలి వేరు. క్యాన్వాసు ఒక గుడ్డ, దానికి ఒక్క వైపుననే జిగురు చుక్కలుండును, గుడ్డకు బిరుసునిచ్చుట దాని పని. జిగురు జాలికి గుడ్డయే లేదు. సాలెగూటివలె పలుచని జిగురుపోగుల పొర అది, ఒక వైపున నునుపైన కాగితమును అంటించి అమ్ముదురు. కాగితమును తీసివేసిన పిదప రెండు వైపులను జిగురే మిగులును. సంఘ సభ్యురాలు దుకాణదారుతో ఇట్లు మాటలాడవలయును.

“బాబూ, ఇస్త్రీ చేస్తే అంటుకునే జాలి కావాలి.”

“కాలరు క్యాన్వాసేనా అమ్మా?”

“క్యాన్వాసు కాదు బాబూ. కాగితం మీద జిగురొక్కటే ఉండాలి, గుడ్డ ఉండకూడదు. కుట్టడానికి వీలైన పలచటిది ఇవ్వు.”

ఈ చివరి మాట ముఖ్యము. జాలిలో దళసరివి, పలుచనివి గలవు. దళసరిది కుట్టులేకుండ అంటించుటకే ఉద్దేశింపబడినది. దానిపై కుట్టినచో సూదికి జిగురు పట్టి దారము తెగును. ఉతుకుడుకు నిలువవలసిన బొంతకు కుట్టు తప్పదు గనుక పలుచని జాలినే కొనవలయును.

ఈ జిగురు చాల జాతులలో నైలానుకు బంధువు. నైలానును 1935లో అమెరికాలోని డూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్సు అను రసాయనవేత్త తయారుచేసెను. ఆ కుటుంబమునకు చెందిన పదార్థములలో తక్కువ వేడికే కరగు వానిని ఏరి, సన్నని పోగులుగా తీసి జాలి చేయుదురు. వేడి తగిలినపుడు జాలి మెత్తబడి నూలుపోగుల సందులలోనికి దిగును. చల్లారినపుడు అక్కడనే గట్టిపడి రెండు గుడ్డలను పట్టుకొనును. అందుచే వేడి, ఒత్తిడి, కాలము అను మూడును సరిపడవలయును. వేడి చాలనిచో జిగురు పైపైననే నిలిచి తరువాత ఊడును. వేడి మితిమీరినను, పెట్టె ఎక్కువసేపు ఉంచినను జిగురు గుడ్డలోనికి పూర్తిగా ఇంకిపోవును, పట్టుటకు ఏమియు మిగులదు. ఈ రెండవ తప్పే మనవారు ఎక్కువగా చేయుచున్నారు. గట్టిగా కాల్చినచో గట్టిగా అంటుననుకొందురు.

విద్యుత్తు ఇస్త్రీపెట్టెపై చుక్కల గుర్తులు ఉండును. ఒక చుక్కకు సుమారు 110, రెండు చుక్కలకు 150, మూడు చుక్కలకు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అని లెక్క. సామాన్యముగా పలుచని జాలికి రెండు చుక్కల మట్టము తగినది. ఐనను ప్రతి తయారీదారు కాగితముపై వ్రాసిన సూచనయే ప్రమాణము, అది లేని సరకును కొనకుండుట మేలు. బొగ్గుల పెట్టె మాత్రమున్న ఊళ్ళలో పని అసాధ్యము కాదు గాని, వేడి నిలకడగా నుండదు, బూడిద రాలి మచ్చపడును. పాలియెస్టరు ముక్కలపై బొగ్గుల పెట్టెను వాడరాదు.

పని క్రమము

మొదట ముక్కలన్నిటిని ఉతుకవలయును. కొత్తగుడ్డలోని గంజియు, మిల్లు వారు పట్టించిన పూతయు జిగురును పోగుల దరి చేరనీయవు. మన స్త్రీలకు గంజి పెట్టుట అలవాటు, ఇక్కడ మాత్రము అది శత్రువు. గంజిపెట్టిన పాతచీర ముక్కనైనను వేడినీట జాడించియే వాడవలెను. ఉతుకుటలో మరియొక లాభము గలదు. ముడుచుకొను గుడ్డ ముందే ముడుచుకొనును, రంగుపోవు గుడ్డ ముందే బయటపడును. ఎరుపును, నీలిని తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడుడు. రంగు అంటినచో ఆ ముక్క ఎంత అందముగా నున్నను పక్కన పెట్టవలసినదే.

తరువాత జాలి కాగితముపై ఆకృతిని పెన్సిలుతో గీయవలెను. ఈ మెట్టువద్ద చాలమంది బోల్తాపడుదురు. కాగితము గుడ్డకు వెనుక వైపున అంటును గనుక, గీసిన బొమ్మ పూర్తియైన పిదప కుడి ఎడమలు మారి కనబడును. చేప తల అటు తిరిగినను నష్టములేదు. అక్షరములైనచో? ఒక గ్రామములో పంచాయతీ సమావేశపు గదికి తెర కుట్టి ఊరిపేరును అతుకు పనితో పెట్టదలచిరి. అక్షరములను చక్కగా గీసిరి, అంటించిరి, కత్తిరించిరి. పరచి చూచునప్పటికి ఊరిపేరు అద్దములో చదువవలసివచ్చెను! రెండు మీటర్ల జాలి వృథా. ఆ తెర నేటికిని గోడకు కాక బీరువా అడుగున నున్నది. అక్షరములను ముందు వేరొక కాగితముపై వ్రాసి, దానిని తిరగవేసి, కిటికీ అద్దమునకు ఆనించి, వెనుక నుండి కనబడు గీతను జాలి కాగితముపైకి దించుకొనవలయును.

గీసిన పిదప గీతవెంట కత్తిరింపరాదు. అర సెంటీమీటరు బయటికి వదలి కత్తిరించి, జిగురు వైపు గుడ్డ వెనుకకు తాకునట్లు పెట్టి, కాగితముపై ఇస్త్రీపెట్టెను కొన్ని సెకండ్లు నొక్కవలయును. అటునిటు లాగరాదు, ఎత్తి మరియొకచోట పెట్టవలెను. చల్లారిన తరువాత గుడ్డను, కాగితమును కలిపి గీతపైననే కత్తిరించినచో అంచు పోగులు రాలక కత్తిపెట్టినట్లు వచ్చును. చేతితో మడచి కుట్టువానికంటె మనకు కలుగు సౌకర్యమిదియే. పిమ్మట కాగితమును ఊడదీయవలెను. అంచునుండి గోటితో లాగినచో పోగులు లేచును. కాగితము నడుమ గుండుసూదితో చిన్న గీత గీచి, అక్కడినుండి చించినచో సులువుగా వచ్చును.

ఇప్పుడు ముక్కలను అడుగుగుడ్డపై అమర్చి, దూరముగా నిలబడి ఒకసారి చూడవలయును. అంటించిన తరువాత మార్చుట కష్టము. పూవు రేకు క్రిందికి కాడ దూరవలసినచోట అర సెంటీమీటరు లోనికి పోనిచ్చి పై ముక్కను ఉంచవలెను. పైన పలుచని నూలుగుడ్డను కప్పి నొక్కి, తిరగవేసి వెనుకనుండి మరల నొక్కవలయును. కప్పుగుడ్డ లేనిచో బయటికి పొంగిన జిగురు పెట్టె అడుగున అంటును. అట్లు అంటినపుడు మొదట ప్లగ్గును తీసి, పెట్టె గోరువెచ్చగా నుండగనే ముతక నూలుగుడ్డతో తుడువవలెను. కత్తితో గీకరాదు.

ఇదంతయు బొంత పైపొరకు మాత్రమే. దూది, అడుగుగుడ్డ అప్పటికి చేర్చరాదు. దూదిపై నొక్కినచో ఒత్తిడి నిలువదు, కృత్రిమ దూదియైనచో అణగిపోవును. పైపొరపై అతుకు పనియు అంచుకుట్టును ముగిసిన తరువాతనే మూడు పొరలను పరచి, కచ్చాకుట్టు వేసి, బొంతకుట్టు కుట్టవలయును.

అంచుకుట్టునకు యంత్రమున్నవారు జిగ్‌జాగ్ కుట్టును దగ్గరగా వేయుదురు. లేనివారు చేతితో కాజాకుట్టును కొంచెము ఎడముగా వేసిన చాలును. సన్నని సూది వాడవలెను. రూపమునకు, మన్నికకు చేతికుట్టే నాకు ఇష్టము, నగరపు బేరగాండ్రును దానికే ఎక్కువ వెల కట్టుట కద్దు. కుట్టు లేకుండ జిగురుతోనే సరిపుచ్చిన బొంతను అమ్ముట మాత్రము కొనువానిని మోసగించుటయే. జిగురు పట్టుటకు, కుట్టు నిలుపుటకు.

జాలిని పొదుపు చేయుట

ఒక బొంతకు 15 సెంటీమీటర్ల చదరపు ఆకృతులు 12 కావలెననుకొందము. జాలి వెడల్పు 45 సెంటీమీటర్లైనచో వరుసకు 3 చొప్పున 4 వరుసలు, అనగా 60 సెంటీమీటర్ల పొడవు చాలును. ముందు లెక్కవేయక ఒక్కొక్కటి గీయుచు పోయినవారు మీటరుకు మించి ఖర్చు చేయుదురు.

ఇంకను మేలైన ఉపాయము కిటికీ పద్ధతి. పెద్ద ఆకృతి అంతటికి జిగురు అక్కరలేదు, అంచునకు లోపల 2 సెంటీమీటర్ల పట్టీ యున్న చాలును. కనుక జాలిని గుడ్డకు అంటించుటకు పూర్వమే నడుమ భాగమును కత్తిరించి తీయవచ్చును. 15 సెంటీమీటర్ల చదరము నుండి 11 సెంటీమీటర్ల చదరము మిగులును. అందులో చిన్నచేప వచ్చును. ఇందువలన సొమ్ము మిగులుటయే కాక బొంత మెత్తగా నుండును, జిగురున్నచోట గుడ్డ బిరుసెక్కును గదా.

ఈ బిరుసు కారణముగనే పసిబిడ్డల బొంతకు జాలి వలదని నా యభిప్రాయము. మన అమ్మమ్మలు వాడి వాడి మెత్తబడిన పాతచీరలను పొరలుగా పేర్చి, పరుగుకుట్టుతో కుట్టిన బొంతకు సాటి లేదు. అది చెమటను పీల్చును, ఎన్నిసార్లయినను ఉడుకనీట ఉతుకవచ్చును. మంచముపై కప్పు బొంతలు, గోడతెరలు, దిండుగలీబులు, సంచులు, అంగన్‌వాడీకి కావలసిన అక్షరముల గుడ్డపటములు, ఇవి జాలికి తగినవి. అట్లే సాగెడు అల్లికగుడ్డపై ఈ పని నిలువదు, పట్టుపై వేడి సరిచూచుకొననిదే చేయరాదు. పొందూరు సన్నఖద్దరు వంటి బట్టను ముక్కలుగా కోయుట పాపమే యగును గాని, అడుగుగుడ్డగా దానిపై చిన్న మామిడిపిందెల వరుస ఎంతో శోభించును.

కూలి లెక్క

ఇక సభ్యులు శ్రద్ధగా చదువవలసిన భాగము. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురము ప్రాంతమునకు 19వ శతాబ్దపు మధ్యభాగమున క్రైస్తవ మిషనరీల మూలమున లేసు అల్లిక వచ్చినది. వేలాది స్త్రీలు ఇంటిపట్టున అల్లిన లేసు దేశదేశములకు పోయినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఐతే జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అక్కడ పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథము మరియొక సంగతిని లోకమునకు చాటినది. ఆ స్త్రీలు రోజంతయు శ్రమించుచున్నను వారిని కార్మికులుగా గాక, తీరిక వేళ ఏదో అల్లుకొను గృహిణులుగా లెక్కించిరి. కూలి అందుచేతనే అతి స్వల్పముగా నుండెను, లాభము వర్తకులకు చేరెను. పని చెడ్డది కాదు, గంటలు లెక్కింపకపోవుట చెడ్డది.

బొంతపనిలో ఆ చరిత్ర మరల జరుగకుండవలెనన్నచో సంఘమునందు ఒక పుస్తకము తెరువవలయును. ఒక బొంతకు కత్తిరింపు 4 గంటలు, అంటించుట 2, అంచుకుట్టు 12, బొంతకుట్టు 20 పట్టిననుకొందము. ఇవి ఉదాహరణకు మాత్రమే, మీ ఊరి గంటలను మీరే కొలువుడు. మొత్తము 38 గంటలు, రోజుకు 8 గంటల వంతున దాదాపు 5 దినముల పని. మీ ఊరి వ్యవసాయపు దినకూలిని 5తో హెచ్చవేసి, గుడ్డ, దూది, జాలి, దారము, విద్యుత్తు, నగరమునకు రాకపోకల ఖర్చు కలిపినపుడు వచ్చునదియే అసలు ధర. బేరగాడు అంతకు తక్కువ చెప్పినచో, ఆ తక్కువను భరించునది ఎవరో సంఘములో పైకి చదివి వినిపింపుడు. ముక్కలు ఉచితముగా దొరకినవి గనుక బొంతయు చౌకగా నుండవలెనను వాదమును అంగీకరింపరాదు. ముక్క ఉచితము, చేయి ఉచితము కాదు.

గది విషయము. ఇస్త్రీ పెట్టెకు ఎర్తింగు గల మూడు పిన్నుల బిందువు ఉండితీరవలెను. దీపపు బిందువునుండి తీగలాగి పెట్టెను నడుపుట ప్రాణాపాయము. బల్ల ఎత్తుగా నుండవలయును, నేలపై చాపవేసి ఇస్త్రీ చేయుచోట ప్రాకెడు పిల్లలు వత్తురు. కిటికీ తెరచి యుంచవలెను. ఒక పెట్టె, ఒక బల్ల, రెండు మంచి కత్తెరలు సంఘమునకు ఉమ్మడిగా నున్న ఆరంభమునకు చాలును. కుట్టుయంత్రము లేదని పని మొదలుపెట్టక కూర్చొనుట తగదు.

బేరగానికి సరకు పంపుటకు ముందు ప్రతి కొత్త జాలి చుట్టనుండి ఒక చిన్న నమూనాను చేసి, ఇంటిలో ఉతుకునట్లే సబ్బుతో మూడుసార్లు ఉతికి, ఎండవేసి, అంచును గోటితో లేపి చూడవలెను. అంచు లేచినచో తప్పు వేడిలోనో, గంజిలోనో, సరకులోనో కనుగొని, అటుపిమ్మటనే మిగిలిన గుడ్డను కత్తిరింపవలయును. మిగిలిన జాలిని మడతపెట్టి దాచరాదు, మడతవద్ద జిగురు కాగితమునుండి విడిపోవును. గొట్టమునకు చుట్టి, మూతగల డబ్బాలో పెట్టి, మన సముద్రతీరపు తేమకు, వేసవి రేకులకప్పు వేడికి దూరముగా నుంచవలెను. డబ్బామీద కొన్న తేదీని, నమూనాకు సరిపడిన చుక్కల మట్టమును, సెకండ్లను వ్రాసి అంటించినచో, మరునాడు వేరొక సభ్యురాలు పనికి కూర్చొన్నను అడుగవలసిన పనియుండదు.